నాలుగు ముళ్ల రాయి

పుంతా ఎరిసో అనే జాలర్ల ఊళ్లో ఊపిరి బిగబట్టి పన్నెండు నిలువుల లోతుకు దిగిన మొదటివాడు తెలెస్ఫోరో. తుపానులో చిక్కిన రెండు పడవలవాళ్లను ఒడ్డుకు చేర్చిందీ అతనే. బేకరీ మూసేస్తుంటే దాని అద్దాల బీరువా తెచ్చి, సముద్రపు నీళ్లు పోసి, ఇంట్లో చేపల్ని పెంచిన మొదటి మనిషీ అతనే. చదివింది నాలుగో తరగతి. అయినా పట్నం పంతుళ్లు ఆ తొట్టి ముందు నోళ్లు తెరిచి నిలబడ్డారు. జాలర్లను కాచే కార్మెన్ మాత పండగకు జాలర్ల సంఘం హాల్లో, మాత విగ్రహం పక్కన పదకొండేళ్లు వరసగా ఉన్నది ఆ తొట్టే.

పన్నెండో ఏడు సంఘంవాళ్లు నికనోర్ తొట్టి మాట ఎత్తారు. పండగకు ముందు రెండూ చూసి, ఈసారి ఏది పెట్టాలో చెబుతామన్నారు.

నికనోర్ అతని దగ్గరే మునక నేర్చాడు. పైగా అతని కూతురికి జ్ఞానతండ్రి, ఆ వరసన ఇద్దరూ ఒకరికొకరు 'కొంపాద్రె'. సంఘంవాళ్ల మాట విన్న రోజునుంచి తెలెస్ఫోరోకు కాఫీ సయించలేదు. నికనోర్ గుమ్మం ముందు జనం మూగితే ఇతను కిటికీ మూసేసేవాడు.

"వాడి తొట్టిలో ఏముందట అంత?" అని భార్య ఒబ్దూలియాను అడిగాడు.

"పగడాలు. పువ్వుల్లా విచ్చుకున్నాయి."

"మనకు లేవూ?"

"ఉన్నాయి. నీలాగే మొహం ముడుచుకున్నాయి."

నికనోర్ రెండుసార్లు వచ్చి తలుపు కొట్టాడు. తెలెస్ఫోరో తియ్యనివ్వలేదు.

అక్కడి మునకగాళ్లకు ఒక కట్టుబాటుంది. అడుగున నచ్చిన రాయికి గేలపు తాడుతో ఒక ముడి వేస్తే, దాన్ని ఇంకొకడు ముట్టడు. ఆ తగువులన్నీ తీర్చే పెద్ద తెలెస్ఫోరోయే. ముట్టినవాడు ఆ ఏడు పండగనాడు మాతను ఊరేగించే పడవ ఎక్కకూడదని శిక్ష పెట్టిందీ అతనే.

ఒక పొద్దున సముద్రం అడుగున తెలెస్ఫోరోకు ఊదారంగు రాయి కనిపించింది. ఒళ్లంతా చిన్న చిన్న పగడాలు. దానికి నికనోర్ ఆకుపచ్చ తాడు, ఒకటి కాదు, నాలుగు ముళ్లు. 'వాడి గెలుపంతా ఇందులోనే ఉంది' అనుకున్నాడు. కత్తితో తాడు కోసి, రాయిని తెచ్చి తన తొట్టిలో పెట్టాడు.

వారంపాటు అతని తొట్టి వెలిగిపోయింది. తరువాత నత్తల ఖాళీ గుల్లలు మిగిలాయి. పగడాల అంచులు కత్తిరించినట్టు తెగాయి. బొటనవేలి గోరంత ఉన్నప్పటినుంచి ఏడేళ్లు పెంచిన నీలి చేప 'రాణి' తోక చిరిగి మూల నక్కింది.

"నికనోరే ఏదో కలిపాడు!"

"గడప తొక్కనిస్తేగా కలపడానికి?" అంది ఒబ్దూలియా.

చీకట్లోనే బయటికొచ్చేదేదో ఉందేమోనని మిట్టమధ్యాహ్నం కిటికీలు మూసి, తొట్టి మీద దుప్పటి కప్పి, తనూ అందులో దూరి టార్చికి ఎర్రగుడ్డ చుట్టి చూశాడు. ఆ రాయి కన్నంలోంచి బొటనవేలంత లావు పురుగు, దవడలు తెరుచుకుని కాచుకుని ఉంది. పట్టకారు పెట్టబోతే లోపలికి జారుకుంది. తెగితే మిగిలిన ముక్క మళ్లీ పెరుగుతుంది. నిరుడు అలాంటిదాన్ని తెగకుండా లాగినవాడు ఊళ్లో నికనోర్ ఒక్కడే. వాణ్ని పిలిస్తే రాయి దొంగతనం బయటపడుతుంది. పిలవకపోతే రాణి దక్కదు.

సాయంత్రందాకా కూర్చుని, చివరికి ఒబ్దూలియాను పంపాడు.

నికనోర్ వచ్చాడు. రాయిని చూశాడు.

"రాయి నీదే," అన్నాడు తెలెస్ఫోరో నేలచూపులు చూస్తూ.

"నాదేంటి కొంపాద్రె! అందులో పురుగు నోరు చూసే, ఎవరూ తేకూడదని నాలుగు ముళ్లు బిగించాను."

"నాకు చెప్పొద్దూ?"

"రెండుసార్లొచ్చాను చెబుదామని. తలుపు తీశావా?"

నికనోర్ రాయిని బకెట్లో పెట్టి కన్నంలో సోడా పోశాడు. బుసబుసమనగానే పురుగు తెగకుండా మూరెడు పొడవున బయటికొచ్చింది. ఈ కిటుకు తనకెందుకు తట్టలేదని తెలెస్ఫోరోకు ఒళ్లు మండింది. వాడు ఒక్క నవ్వైనా నవ్వలేదు, అది ఇంకా మండించింది.

తొట్లు చూడ్డానికి సంఘం పెద్దలొచ్చినప్పుడు తెలెస్ఫోరోయే జరిగింది చెప్పాడు. ఆ ఊళ్లో తన తప్పు తానే చెప్పుకుని, తను పెట్టిన శిక్ష తనే వేసుకున్న మొదటివాడూ అతనే.

పండగనాడు మాత పడవ సాగిపోతుంటే ఒడ్డునే ఉండిపోయాడు. తరువాత హాల్లో అందరి వెనక నిలబడి, మాత పక్కనున్న నికనోర్ తొట్టిని తేరిపార చూశాడు.

"నీళ్లు కాస్త మసగ్గా లేవూ?" అన్నాడు.

"లేవు," అంది ఒబ్దూలియా.

"ఇంట్లో మన రాణికి తోక మళ్లీ వస్తోంది," అన్నాడతను, తొట్టి మీంచి చూపు తిప్పకుండానే.