నిచ్చెన మీంచి పడ్డవాడి పరుగు

మా తెలుగు సంఘంలో ఆ ఆదివారం గురించి ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. దుబాయ్‌లో మనవాళ్లు కూలీలుగా ఉండే సోనాపూర్ క్యాంపులో పాత ఫ్రెంచి మూకీ సినిమా వేసి, మైకులో తెలుగు వ్యాఖ్యానం చెప్పి, హాలు హాలంతా పగలబడి నవ్వేలా చేశానట. ఫొటో కూడా ఉంది. నవ్విన మాట నిజమే. ఎవరిని చూసి నవ్వారో ఆ ఫొటోలో లేదు.

డిగ్రీలో నా రెండో భాష ఫ్రెంచి. ఉద్యోగం అజ్మాన్‌లో ఒక స్కూలు లైబ్రరీలో. కరోనాకి ఇంట్లో కూర్చున్నప్పుడు, వందేళ్ల కిందటి ఒక ఫ్రెంచి హాస్యనటుడి పిచ్చి పట్టింది నాకు. నాటకాల్లోంచి వచ్చి, వారానికో చిన్న సినిమా చేసినవాడు. ఎత్తు టోపీ, బిగుతు కోటు. నిచ్చెనలు, గోడలు, గుర్రాలు, దేని మీంచి పడాలన్నా తనే పడేవాడు. అతని గురించి ఒక పాత పత్రికలో వ్యాసం దొరికితే అచ్చు తీసి, కింద గీతలు గీసుకుంటూ చదివాను.

జబ్బు భయం తగ్గాక, క్యాంపు భోజనాల హాల్లో గోడకి దుప్పటి కట్టి అతని సినిమా వేశాం. సమోసాలు, చాయ్. ముందు వరుసలో కంపెనీ ఫోర్‌మన్. తెరమీద మావాడు నిచ్చెన మీంచి దబ్బున పడ్డాడు, లేచాడు, పరుగెత్తాడు. "వెనకాల అత్తగారు తరుముకొస్తోంది చూడండి!" అన్నాను. హాలంతా గొల్లుమంది.

వెనక వరుసలో ఒకతను లేచి నిలబడ్డాడు. ముప్పై దాటిన మనిషి, పరంజాలు కట్టే పని, జగిత్యాల వైపు యాస.

"గది నవ్వులాట ఉరుకుడు గాదు మేడం. ఆయన కాలు ఇరిగింది."

"నీకెలా తెలుసయ్యా? నువ్వేమన్నా ఆయన బావమరిదివా?"

మళ్లీ నవ్వులు. అతను కూర్చోలేదు. "నొప్పి ఉన్నోడు కుంటుతడు. దాసుకునేటోడు ఉరుకుతడు. మెల్లగ నడిస్తె దొరికిపోతడు గద."

"మాటలెందుకు, వచ్చి నడిచి చూపించు. యల్లా!"

వచ్చాడు. ఫోర్‌మన్ కుర్చీని రాసుకుంటూ వచ్చాడు. దుప్పటి ముందు ఆ చివరినుంచి ఈ చివరికి నడిచాడు. ఎడమ మోకాలు వంగడం లేదు, చెయ్యి తొడ మీద ఆనించి ఉంది, అడుగులు చిన్నవి, వేగం ఎక్కువ. అచ్చం తెరమీది మనిషే. జనం ఈలలు వేశారు. నేనూ నవ్వాను, మైకులో. ఫోర్‌మన్ నవ్వలేదు. "అరే, తేరా పైర్ కబ్ సే ఐసా హై?" అన్నాడు, నీ కాలు ఎప్పట్నుంచి ఇలా ఉందని. అతను అదే వేగంతో తన వరుసకి వెళ్లిపోయాడు.

మూడు వారాల తర్వాత ఇంకో సినిమా పట్టుకుని వెళితే, అతని పక్క మంచం వాడు చెప్పాడు. "ఖలాస్ మేడం, ఇంటికి తోలిన్రు. నెల కిందట సైట్‌ల పడ్డడు. వీసా రెన్యువల్ అయ్యేదాంక ఎవ్వలకు తెల్వనియ్యద్దు అనుకున్నడు."

"తనంతట తనే కదా లేచింది" అంటారు మా సంఘం వాళ్లు. లేచింది అతనే. నడిచి చూపించమన్నది ఎవరు? అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకోటుంది, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. అతను చెప్పింది నిజమని నాకు ముందే తెలుసు. ఆ వ్యాసంలోనే ఉంది: నిచ్చెన మీంచి ఆ పడటంలో నటుడి కాలి ఎముక విరిగిందనీ, చెబితే తన టోపీ ఇంకొకడి నెత్తిన పెడతారని దాచి వచ్చే వారం సినిమా కూడా చేశాడనీ, చివరికి కుంటుతూ ఒక థియేటర్ గుమ్మంలో టికెట్లు చింపాడనీ. ఆ పేరా కింద రెండు గీతలు గీసుకున్నాను. నవ్వు చెడుతుందని వ్యాఖ్యానంలోంచి తీసేశాను. "నువ్వు చెప్పింది నిజమేనయ్యా" అంటే సరిపోయేది. మైకు చేతిలో ఉన్న మనిషిని, ఓడిపోతానా?

నంబరు తీసుకుని ఒకసారి ఫోన్ చేశాను. క్షమాపణ చెప్పడానికే చేశాను, ఎలా ఉన్నావని మాత్రం అడిగాను.

"మంచిగనే ఉన్న మేడం. గా టోపీ ఆయన కాలు నయమైందా?"

"అయింది" అన్నాను.

అదీ అబద్ధమే. అడగాల్సింది అడక్కుండానే ఫోన్ పెట్టేశాను. ముందు వరుసలో ఫోర్‌మన్ ఉన్నాడని అతనికి తెలుసు, కుర్చీ పక్కనుంచే వచ్చాడు. మరి ఎందుకు వచ్చినట్టు? నా వెటకారానికి ఉడుక్కునా, లేక వందేళ్ల కిందట పడ్డ ఆ మనిషికి నిజంగానే నొప్పి పుట్టిందని ఒక్కరైనా చెప్పాలనా?