చప్పుడు తగ్గిన షెడ్డు

ఆ వీధిలో కార్లు బాగుచేయించుకునేవాళ్ళు పనితనాన్ని చెవులతో కొలిచేవారు. షెడ్డు బయట బెంచీ మీద కూర్చుని, లోపల సుత్తి మోగుతున్నంతసేపూ నిశ్చింతగా పేపరు తిరగేసేవారు. మోత ఆగిందంటే మెడలు సాచేవారు. వీధి మొత్తంలో గట్టిగా మోగే సుత్తి పిడుగు మేస్త్రిది. ఆ పేరు కూడా సుత్తి పెట్టిందే.

ముందు చక్రాల పనిలో అతనిది అందెవేసిన చెయ్యి. చక్రాన్ని మోసే ఇనుపచేతి చివర బాల్ జాయింటు ఉంటుంది. గిన్నెలో తిరిగే గుండు, ఆ గుండుకో కాడ. పోనుపోను సన్నబడే ఆ కాడ చక్రం వైపున్న కన్నంలో దూరి, పైన నట్టుతో బిగుస్తుంది. జాయింటు అరిగితే కొత్తది వెయ్యడం తేలికే. ఏళ్ళ తరబడి బురదా తుప్పూ తిని మొండికేసిన పాత కాడను కన్నంలోంచి ఊడబెరకడమే గగనం. మేస్త్రి మాత్రం నట్టు వదులుచేసి, సుత్తి ఎత్తి, అది దిగివచ్చేదాకా వాయించేవాడు.

ఆ వాయింపు చివరికి అతని కుడిభుజాన్నే తినేసింది. లోపల కండ చిరిగిందనీ, ఇక సుత్తి పడితే చెయ్యి పైకి లేవదనీ డాక్టరు తేల్చి చెప్పాడు. కబురు తెలిసీ తెలియగానే స్పేర్ పార్టుల కొట్టు నడిపే బావమరిది వచ్చి వాలాడు.

"గల్లా దగ్గర కూర్చో బావా. పైన ఫ్యాను, కింద మెత్తటి కుర్చీ. ఇంకేం కావాలి నీకు?"

"అక్కడ కూర్చుంటే నేనూ బేరగాణ్ణయిపోతాన్రా," అన్నాడు మేస్త్రి.

అన్నాడే గానీ, కాదనడానికి చేతిలో ఆధారమేదీ లేదు. నెలాఖరుదాకా గడువు అడిగాడు. సుత్తి మోత లేకుండా కాడను ఊడదీసే సాధనం దొరికితే షెడ్డు నిలుస్తుంది, లేదంటే గల్లాయే గతి.

కాడను ఊడలాగడానికి కంపెనీవాళ్ళు అమ్మే పుల్లరు ధర విని వెనక్కి వచ్చేశాడు. చవకరకం తెస్తే అది రెండో బండికే దవడలు తెరుచుకుంది. దాంతో సొంతంగా చేసుకోవడానికి పూనుకున్నాడు. లారీ కమానుపట్టీ ముక్కకు నడిమధ్య చీలిక తీసి, రెండు కోరల చీల ఒకటి తయారుచేశాడు. అది దూరాలన్నా వెనకనుంచి సుత్తితో కొట్టాల్సిందే, పైగా జాయింటు మీది రబ్బరు తొడుగును చించిపారేసింది. ఆ తర్వాత వడ్రంగుల బిగింపు చట్రానికి పైపుముక్క జతచేశాడు. కాడ కదలలేదు గానీ చట్రం మాత్రం నడుం వంచేసింది.

షెడ్డు వెనక గదిలో కుట్టుమిషను తొక్కుతున్న భార్య ఆ వంకర ఇనుమును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అసలు కొడితే ఎందుకొస్తుందది?"

"కొడితే వస్తుంది. అంతే."

"అదే, ఎందుకని?"

ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న మేస్త్రికే తట్టలేదు. పాత సామాన్ల గుట్టలోంచి కన్నమున్న ముక్కను ఏరి తెచ్చి, ఓ అరిగిన జాయింటును అందులో బిగించి, బల్లమీద పెట్టి రోజంతా దాని చుట్టూ తిరిగాడు. తాను ఎప్పుడూ కొట్టింది కాడను కాదు, కన్నం పక్కభాగాన్ని. అంటే దెబ్బ కాడను బయటికి తోయడం లేదు. కన్నాన్ని ఒక్క లిప్తపాటు ఉలిక్కిపడేలా చేస్తోంది, ఆ ఉలికిపాటులో పట్టు సడలుతోంది. మరి కాడను ముందే గట్టిగా నెట్టిపట్టి ఉంచితే, అంత పెద్ద దెబ్బ దేనికి?

మందపాటి పట్టీని కొడవలిలా వంచి, ఒక కొసన కాడ ఇమిడేంత గాడి తీశాడు. రెండో కొసకు పెద్ద నట్టును వెల్డింగు చేయించి, దానిలోంచి పొడవాటి బోల్టు దించాడు. గాడి కన్నం కింద పట్టుకుంటే బోల్టు పైనుంచి కాడ నెత్తిని నొక్కుతుంది. జాయింటు నట్టును పూర్తిగా తీయకుండా కొసన నిలిపాడు, విడివడ్డప్పుడు ఎగిరి మీద పడకుండా. ఎడంచేత్తో బోల్టు బిగించి, అదే చేత్తో కన్నం పక్కన చిన్నసుత్తితో ఒక్కటి తట్టాడు. ఠప్పుమంటూ పట్టు వదిలింది.

ఆ సాధనంతో పట్టిన మొదటి బండి ఒక ట్యాక్సీ. ఓ పక్క జాయింటు మార్చడం పూర్తవుతుండగా బెంచీ మీదున్న ట్యాక్సీ ఆసామి విసవిసా లోపలికొచ్చాడు.

"నువ్వు కొట్టలేదు మేస్త్రీ. నేను వింటూనే ఉన్నా."

"ఒకటి కొట్టాను."

"ఒక్కదానికే ఊడొచ్చిందా? పాతదాన్నే తుడిచిపెట్టి కొత్తదంటున్నావా?"

పక్క షెడ్లవాళ్ళు తలలు తిప్పారు. ఈ మాట ట్యాక్సీ స్టాండుదాకా పాకితే భుజం మిగిల్చిన పనిని పుకారు పూర్తిచేస్తుందని మేస్త్రికి తెలుసు. ఊడదీసిన జాయింటు చూపించాడు. అది ఏ బండిదో ఎవరికి తెలుసన్నాడు ఆసామి. మేస్త్రి ఇక వాదించలేదు. రెండోపక్క చక్రం దగ్గర అతణ్ణి గొంతుక్కూర్చోబెట్టి, సాధనం తగిలించి, బోల్టు అతనిచేతే బిగింపించాడు. ఏమీ కాలేదు.

"చూశావా, రాలేదు," అన్నాడు ఆసామి, గెలిచినట్టుగా.

మేస్త్రి చిన్నసుత్తి చేతికిచ్చి, కన్నం పక్కన వేలుపెట్టి చూపించాడు. "ఇక్కడ బెదిరించు. చంపొద్దు."

ఆసామి తట్టాడు. ఠప్పుమన్న చప్పుడుకు వెనక్కి చతికిలబడి, నేలమీద కూర్చునే, ఊడి వేలాడుతున్న కాడవైపు చూశాడు. తర్వాత, బండి చుట్టూ కళ్ళు తిప్పుతూ, "ఇంకోటేమన్నా ఉందా ఊడదీయడానికి?" అని అడిగాడు.

"నీ బండికి ఇలాంటివి రెండే."

స్టాండుకు పాకింది ఆ కథే. మర్నాటినుంచి బండి తెచ్చినవాడల్లా, తనచేతే తట్టించమని అడగడం మొదలుపెట్టాడు.

నెలాఖరున తమ్ముడికి ఏం చెప్పమంటారని భార్య అడిగేసరికి మేస్త్రి స్టీరింగు రాడ్డు జాయింటు ఒకటి బల్లమీద పెట్టుకుని కూర్చున్నాడు. దీని కాడ సన్నం, కొడవలి గాడిలో అటూ ఇటూ ఊగుతోంది.

"రానని చెప్పు. వాడి కొట్లో జాయింట్లు రకానికొకటి ఒక్కపూట అరువివ్వమను. కాడల లావు చూసుకోవాలి."

"ఆ ముక్క మీరే చెప్పండి, నామీద అరుస్తాడు," అంటూ ఆమె నంబరు కలిపి, ఫోను అతని ఎడమ చెవికి ఆనించింది.