రెండు తాళాల గుడి

దివిసీమలో మా పెద్దమ్మ ఊళ్ళో చర్చిని అందరూ గుడి అనే అంటారు. దాని తలుపుకి రెండు తాళాలు. పాస్టరుగారిని మార్చాలని సగం మంది, ఉంచాలని సగం మంది పట్టుబట్టారు. ఆ గొడవ పడలేక ఆయనే వెళ్ళిపోయారు గానీ పంతాలు మాత్రం పోలేదు. ఒక వర్గం తాళం వేస్తే, మేమేం తక్కువ తిన్నామా అని రెండో వర్గం దాని పక్కనే ఇంకోటి వేసింది. ఒకళ్ళు రైసుమిల్లు షెడ్డులో, ఇంకొకళ్ళు చెరువుగట్టు మీద పందిట్లో ఆదివారం ఆరాధన పెట్టుకున్నారు. అవతలి పాట వినపడకుండా ఎవరి మైకు వాళ్ళు పెంచుకునేవాళ్ళు. గుడివాడ నుంచి పెద్దమనుషులు రాజీ చేయడానికొచ్చి, రెండిళ్ళలో కాఫీలు తాగి వెళ్ళారు.

పెద్దమ్మ ఏ మైకు దగ్గరికీ వెళ్ళలేదు. ప్రతి శుక్రవారం ఉపవాసం ఉండి, మూసిన గుడి మెట్ల మీద కూర్చుని సంఘం కోసం ప్రార్థన చేసేది. ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాక తోడుగా నేను బందరు నుంచి చల్లపల్లి మీదుగా బస్సులో వెళ్ళేదాన్ని. రిటైరయ్యాక నాకూ వేరే పనిలేదు. భక్తితో వెళ్ళానని చెప్పను. ఆ మనిషి ఒక్కతే ఎండలో ఏడుస్తూ కూర్చుంటుందంటే ఇంట్లో అన్నం సహించేది కాదు.

జబ్బుపడినవాళ్ళ తల మీద చేతులుంచినట్టు, ఆవిడ ఒక చెయ్యి ఈ తాళం మీద, ఒక చెయ్యి ఆ తాళం మీద ఉంచేది. "ప్రభువా, పిల్లలు కొట్టుకున్నారు, నీ ఇల్లు మూతపడింది" అని మొదలుపెట్టి వేడుకునేది. రెండు వర్గాల ఇళ్ళూ వరసగా తలుచుకునేది. ఈ వారం ఒక వర్గాన్ని ముందు తలిస్తే, వచ్చే వారం రెండోవాళ్ళని ముందు తలిచేది. దేవుడి దగ్గర కూడా ఆ తగువు రాకూడదట.

లేచే ముందు చేతిసంచిలోంచి చిన్న సీసా తీసి, తాళాలని కొంగుతో తుడిచి కొబ్బరినూనె రాసేది. ఉప్పుగాలికి అక్కడ ఇనుము ఇట్టే తుప్పుపడుతుంది.

"తెరిచే మనసొచ్చిన రోజున తాళం మొరాయించకూడదే," అనేది.

"వీళ్ళకా, మనసా? నీ నోరు నొప్పి తప్ప ఏం లేదు పెద్దమ్మా," అని విసుక్కునేదాన్ని.

"నేనడిగేది వాళ్ళని కాదుగా."

ఈ ఏడాది వేసవిలో ఆవిడ మంచం పట్టింది. పోయేముందు నాతో ఒక్కటే చెప్పింది. మాలో ఎవరు పోయినా పెట్టెని గుడిలోకి తీసుకెళ్ళి, ఆరాధన చేశాకే సమాధుల తోటకి మోస్తారు. తన కోసం అలా గుడి తీయించొద్దంది.

ఆవిడ పోయిన రోజు రెండు వర్గాల పెద్దలూ వచ్చారు. ఇద్దరూ ఆవిడ దగ్గర సండేస్కూల్లో వాక్యాలు బట్టీపట్టినవాళ్ళే. మంచానికి చెరోపక్కా నిలబడి కళ్ళు తుడుచుకున్నారు.

"అమ్మగారి కోసం ఈ ఒక్కపూటా మా తాళం తీస్తామండీ," అన్నాడు ఒకాయన.

"మేమూ తీస్తాం. సాయంత్రం ఎవరిది వాళ్ళం వేసుకుందాం," అన్నాడు రెండో ఆయన.

ఇన్నాళ్ళకి ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటే. సరేననాలని నా ప్రాణం కొట్టుకుంది. ఆవిడ పెళ్ళయిన చోటు, పిల్లలకి పాటలు నేర్పిన చోటు. ఒక్కసారి లోపల దింపితే చాలనిపించింది.

"వద్దండీ," అన్నాను. "తెరిస్తే బతికున్నవాళ్ళ కోసం తెరవమంది. తీస్తే ఇంక వేయకండి. మళ్ళీ వేసేట్టయితే అసలు తీయకండి."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ కాస్తసేపూ నేను కూడా నిజంగా ప్రార్థన చేశాను. తరవాత ఇద్దరూ తలలు దించుకున్నారు.

పెట్టెని మూసిన గుడి మెట్ల మీదే దింపాం. ఎండలోనే ప్రార్థన జరిగింది, ఎండలోనే మోసుకెళ్ళాం.

తరవాతి శుక్రవారం నేనొక్కదాన్నే వెళ్ళాను. తాళాల మీద చేతులుంచి "ప్రభువా" అన్నాను. ఆ తరవాత మాట రాలేదు, కోపం వచ్చింది. వాళ్ళ మీద, దాచుకోవడమెందుకు, దేవుడి మీద కూడా. ఏ తాళం ఎవరిదో పెద్దమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. ఆవిడ సీసా మూత తీసి రెండింటికీ నూనె రాసి, బస్సుకి నడిచాను.