పస్తు అక్కది, భోజనాలు నావి

ముసురు పట్టిన నెలల్లో జగిత్యాలలో నా సైకిల్‌కు సెలవు. మోకాలు కూడా అదే మాట చెప్తున్నది గనుక గోడకు ఆనించిన బండిని చూసుకుంట, పుస్తకాలు చదువుకుంట, ఎవరూ చదవని నా బ్లాగులో నాలుగు ముక్కలు రాసుకుంట పొద్దు పుచ్చుతున్న. మొన్న ఒక పుస్తకంలో, దూరాల పందేలు తొక్కేటోళ్లు ఆకలి కాకముందే దారిపొడుగునా తింటూ పోవాలని రాసి ఉంటే నాకు నవ్వాగలేదు. ఆ విద్య నేను తెలంగాణ ఉద్యమం రోజుల్లోనే నేర్చిన, అదీ నా ఇష్టంతో కాదు.

అప్పటికి నాకు యాభై దాటినయి. ఆ యేడు రాఖీ పున్నమి నాడే బందు పడ్డది. ఏటేటా చెల్లె కోరుట్ల నుంచి, అక్క సిరిసిల్ల నుంచి బస్సెక్కి వచ్చి రాఖీ కట్టి పోయేటోళ్లు. ఆనాడు బస్సు డిపో దాటలేదు. మా అక్కది ఒక పట్టుదల, తమ్ముని చేతికి రాఖీ కట్టేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టదు. పొద్దుగూకినా ముట్టదని, మనిషి ఇప్పటికే నీరసంగున్నదని బావ ఫోన్ చేసి, పనిలో పనిగా, "నీకు సైకిలున్నది గద బామ్మర్దీ, బ్లాగుల మస్తు తొక్కుతవట" అని పొడిచిండు. ఆ పోటు నాకు పడవలసిన చోటే పడ్డది.

కోరుట్ల దాకా గాలి కంటే ముందు పోయిన అని బ్లాగులో రాసిన. నిజానికి గాలి ఎదురు కొడుతుంటే ఒక గొర్లమంద నన్ను దాటిపోయింది. మంద కూడా కాదు, గొర్లకాపరి ఒక్కడే, అదీ నడుచుకుంట. చెల్లె వాకిట్లోనే రాఖీ కట్టి, నోట్ల లడ్డు కుక్కి, "అక్క పస్తున్నది, నడువు" అని తరిమింది.

కథలాపూర్ దగ్గర వంటావార్పు తగిలింది. మీకు గుర్తుండే ఉంటది, రోడ్డు నడుమ పొయ్యిలు పెట్టుడు, గంజులల్ల అన్నం వండుడు, ఆగిన బండ్లోళ్లను బంతిల కూసోబెట్టి తినిపిచ్చుడు. సైకిల్‌ను ఎవరాపుతరని ధీమాగా పోయిన. సైకిల్‌ను ఆపలేదు, నన్ను దింపిన్రు. "తినకుంట పోతవా, తెలంగాణ వద్దా నీకు?" అని ఒక పెద్దమ్మ ఇస్తరాకు పరిచింది. అక్క పస్తు సంగతి చెప్పిన, చెప్పకున్నా బాగుండు. "అయ్యో, గంత దూరం పోవాల్నా బిడ్డా" అని ఇంకో గరిటె పప్పు పోసింది. రుద్రంగిలో కిచిడీ పెట్టిన్రు. ఒక్కో ముద్ద మింగుతుంటే, అది అక్క నోటికాడి నుంచి గుంజుకున్నట్టే ఉండె. అయినా కిచిడీ రెండోసారి వేయించుకున్న మాట కూడా దాచను.

చందుర్తి దగ్గర బగారన్నం వండుతున్న ఒక చాచాకు అక్క సంగతి చెప్పి ఇక చేతులు జోడించిన. ఆయన నా ముఖం, నా పొట్ట, రెండూ చూసి, "మీ అక్కను ముందుగాల తిననియ్యి భాయ్" అని, వేములవాడ రోడ్డు మీద కూసున్న తన బామ్మర్దికి ఫోన్ కొట్టిండు. నేను పోయేసరికి అక్కడ పొయ్యి జరిపి దారి చేసి పెట్టిన్రు, "రాఖీ సైకిల్ వస్తున్నది, జరుగుండ్రి" అని కేకలు. వేలమంది జై కొట్టిన్రని బ్లాగులో రాసిన గని, ఉన్నది ఇరవై మంది, వాళ్లు జై కొట్టింది తెలంగాణకు. అయినా ఆ జై నడుమ నుంచి పోయింది మాత్రం నేనే గదా! నాకోసం రోడ్డు తెరుచుకున్నది జన్మలో అదొక్కసారే.

సిరిసిల్లలో మరమగ్గాలు కూడా బందుండె. ఎప్పుడూ మోగే వీధి చప్పుడు లేకుండ ఉండంగ, నా చైను మోత విని అక్క గడపలోకి వచ్చింది. పెదవులు ఎండిపోయి ఉన్నయి. రాఖీ కట్టి, "తినొచ్చినవారా?" అన్నది. "ఎక్కడిదక్కా" అన్న నేను. బావ నా మీసాల మీది మెతుకును వేలుతో చూపిచ్చిండు. అక్క పడీ పడీ నవ్వి, అప్పుడు చెంబెత్తి నీళ్లు తాగింది. ఆ గుక్క ఆమె గొంతు దిగుతుంటే చూసిన సంబురం, తెలంగాణ వచ్చిన నాడు కూడా కాలేదంటే మీరు కోప్పడుతరు. సరే, రెండూ సమానమే అనుకుందాం.

ఇప్పుడు జగిత్యాల ఒక జిల్లా, సిరిసిల్ల ఒక జిల్లా. రోడ్లు నున్నగైనయి, బస్సులు నడుస్తున్నయి. అక్కకు షుగర్ వచ్చింది, పొద్దున్నే తిని గోలీ వేసుకోవాలె గనుక రాఖీ నాడు ఇప్పుడు నేనే బస్సెక్కి పోయేసరికి తినే ఉంటది. తినుమని పోరు పెట్టింది నేనే. ప్రేమ ఏం తగ్గలేదు, రాఖీ రాఖీయే. కాని దారి ఆ కొసకు ఒక మనిషి నా కోసం ఆకలితో కూసున్నదని తెలిసిన నాడు కాళ్లకు వచ్చిన సత్తువ, బస్సు కిటికీ పక్కన కూసుని ఎంత వెతుక్కున్నా దొరుకుతలేదు.