మేడం అరచెయ్యి

కారేపల్లి దగ్గరి మా బడిలో ఇంగ్లీష్ చెప్పిన మేడం కుడి అరచెయ్యి ఎప్పుడూ సుద్దతో తెల్లగానే ఉండేది. 'నా దోస్తు, నేను' అని ఇంగ్లీష్‌లో రాయాల్సి వస్తే, 'ఐ' పెట్టాలో 'మీ' పెట్టాలో మాకు తేలేది కాదు. మేడం బోర్డు మీద దోస్తు పేరును అరచేత్తో మూసేసి, "ఇప్పుడు నువ్వొక్కదానివే ఉన్నవ్, చదువు," అనేవారు. అలా చదివితే ఏది సరైనదో చెవికే తెలిసిపోయేది. ఆ తర్వాత చెయ్యి తీసి, చెరిగిన పేరును మళ్లీ పొందికగా రాసేవారు. అది మాత్రం ఆమె ఎన్నడూ మరవలేదు.

తొమ్మిదో తరగతిలో, మిర్చి ఏరే రోజుల్లో, నా పక్కన కూర్చునే దోస్తు బడి మానేసింది. అయినా మేడం హాజరులో రోజూ దాని పేరు పిలిచేవారు.

"అది ఇగ రాదు మేడం, కొట్టెయ్యండి," అన్నాను ఒకరోజు. నన్ను వదిలిపోయిందని నా కోపం.

మేడం రిజిస్టర్‌లో ఆ పేరు మీద అరచెయ్యి ఆనించారు. "మూసిన, గంతే. కొట్టెయ్యలే."

ఆ ఆదివారం మేడం మా దోస్తు వాళ్ల చేనుకు వెళ్లారట.

"మేడం ఏం చెప్పింది మీ అమ్మకు?" అని తర్వాత దోస్తును అడిగాను.

"ఏం చెప్పలే. పొద్దుగూకేదాక అమ్మ పక్కన మిర్చి ఏరింది. పోయేటప్పుడు అమ్మే అన్నది, రేపట్నుంచి ఇది బడికొస్తది మేడం అని."

సోమవారం మేడం మండుతున్న వేళ్లతో సుద్దముక్క పట్టుకుని, బోర్డు మీద మా ఇద్దరి పేర్లూ పక్కపక్కన రాశారు. ఆ రోజు ఏ పేరునూ మూయలేదు.