వీపు కింద చేయి

లింగవ్వ ఎక్కడ కూర్చోబోయినా ముందు అరచేత్తో తడుముతుంది. ఆటో సీటయినా, దవాఖాన బల్లయినా. కొడుకు శైలేందర్ మంచం దగ్గర పొద్దంతా చేసే పని అదే. అతని వీపు కింద చేయి దూర్చి, దుప్పటి మడతపడిన చోట సాపు చేస్తుంది. ఛాతీ నుంచి కిందికి అతనికి ఏమీ తెలియదు. మడత ఒత్తుకున్నా తెలియదు. పుండు మొదలైతే ముందు తెలిసేది ఆమె చేతికే.

రెండేళ్ల కింద నారాయణరావుపేట నుంచి సిద్దిపేటకు శైలేందర్ బైకు మీద వస్తుంటే లారీ గుద్దింది. వెన్నెముక విరిగింది. అప్పటి నుంచి సిద్దిపేటలోనే కిరాయి గది. కోడలు భవాని టైలరు దుకాణంలో జాకెట్లు కుడుతుంది. కిరాయి, మందులు ఆమె కష్టమే. సాయంత్రం ఆమె చెప్పుల చప్పుడు వినపడగానే శైలేందర్ ముఖం వాకిలి వైపు తిరుగుతుంది. పొద్దంతా పక్కనే ఉండే తల్లి కోసం ఆ ముఖం ఎప్పుడూ అలా తిరగలేదు. భవాని మంచం దగ్గరకు వస్తే లింగవ్వ అడ్డం కూర్చుంటుంది.

"నీకు చాతగాదు. జరుగు."

లాయరు స్వరాజ్యలక్ష్మి లారీ ఇన్సూరెన్సు కంపెనీ మీద కేసు వేసింది. వైద్యం ఖర్చు, పోయిన సంపాదన అడిగింది. బతికినన్నాళ్లూ పక్కన ఒక మనిషి ఉండాలి గనుక దానికీ అడిగింది. ఆ మనిషి చేసే పని ఏమిటో కోర్టులో ఎవరో ఒకరు చెప్పాలి. ఆమె సాక్షిగా భవాని పేరు రాసింది.

"జేసేది నేనైతే చెప్పేది గామెందుకు మేడం?"

"నీకు అరవై దాటినయి అవ్వా. నీ తర్వాత ఎవరని అడుగుతరు."

ఆ మాట లింగవ్వకు కోడలే అన్నట్టు తగిలింది. ఇంటికి వచ్చాక అడిగేసింది.

"నేనెప్పుడు పోతనా అని సూస్తున్నవా?"

"నువ్వు పోతె గని నాకు వంతు రాదు గదా అత్తా," అంది భవాని, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

శైలేందర్ నవ్వాడు. ఆ రాత్రి లింగవ్వకు అన్నం సహించలేదు.

వాయిదా రోజు పక్కింటి షమ్షున్నీసాను మంచం దగ్గర కూర్చోబెట్టింది. భుజం ఎట్లా పట్టాలో, ఎటు తిప్పాలో, చేయి ఎట్లా దూర్చాలో అన్నీ చూపించింది. కోర్టులో బల్ల తడిమి కూర్చుంది.

కంపెనీ వకీలు మెత్తగా అడిగాడు. "ఆయన్ను పక్కకు ఎట్లా తిప్పుతవమ్మా?"

బోనులో నిలబడ్డ భవాని అత్త వైపు చూసింది.

"తెల్వదు సార్. మా అత్త ముట్టనియ్యదు."

లింగవ్వ మనసు పొంగింది. అంత మంది ముందు, ఆ మాట కోడలి నోటనే వచ్చింది. వకీలు జడ్జి వైపు తిరిగాడు. భార్య ఏమీ చేయడం లేదనీ, తల్లి ఊరికే చూసుకుంటుందనీ, ఇక వేరే మనిషికి డబ్బు ఎందుకనీ అన్నాడు. అప్పుడు లింగవ్వ స్వరాజ్యలక్ష్మి ముఖం వాడిపోవడం చూసింది.

బయటికి వచ్చాక లాయరు మెల్లగా చెప్పింది. "ఇంటోళ్లు జేసినా కోర్టు లెక్కగడుతది. గనీ నీ తర్వాత సంగతి గట్టిగ జెప్పాలె. వచ్చే వాయిదాకు నిన్నే పిలుస్త అవ్వా. కోడలికి ఎందుకు నేర్పలేదని ఆయన తప్పక అడుగుతడు. ఉన్నది ఉన్నట్టు జెప్పు."

కోరుకున్నదే దొరికింది. బోనులో తానే నిలబడుతుంది. అయినా ఆటో ఎక్కేటప్పుడు లింగవ్వ సీటు తడమలేదు.

ఆటోలో భవాని బయటికి చూస్తూ అంది. "షమ్షున్నీసక్కకు పొద్దున అంతల్నే నేర్పినవు. నేను రెండేండ్ల సంది ఇంట్లనే ఉన్న గదా అత్తా."

"ఆమె పొద్దుగూకితె వాళ్లింటికి పోతది," అంది లింగవ్వ.

మర్నాడు పొద్దున భవాని చెప్పుల్లో కాలు పెడుతుంటే వెనక్కి పిలిచింది. మణికట్టు పట్టుకుని, గాజులు పైకి తోసి, ఆమె అరచేతిని శైలేందర్ వీపు కింద ఎడమవైపు దూర్చింది.

"గీడ. గోరు తగలనియ్యకు."

భవాని వేళ్లకు మడత తగిలింది. సాపు చేసింది. చేయి కుడివైపుకు జరపబోయింది. పుండు పడి మానింది అటే. లింగవ్వ ఆ చేతిని పట్టి ఆపింది.

"అటు దిక్కు రేపు," అని, కుడివైపు తానే తడిమింది.