వైపరుకు కట్టిన లంగా నాడా

ఇప్పటి కార్లలో వాన చుక్క అద్దం మీద పడగానే వైపర్లు వాటంతటవే లేచి తుడుస్తాయట. మా అల్లుడు ఈ సంగతి గొప్పగా చెబుతుంటాడు, నేను విని ఊరుకుంటాను. వాటంతటవే కదిలే వైపర్లను నేను పంతొమ్మిదేళ్లకే చూశాను. చూసిన నాటి నుంచి చాలా ఏళ్లు, వానలో కారు ముందు సీటు అంటే చాలు, నా వీపు మీద చల్లటి నీళ్లు పోసినట్టయ్యేది.

మేమప్పుడు అశ్వారావుపేటలో ఉండేవాళ్లం. ఏడో తరగతితో బడికి సెలవు చెప్పి కుట్టు మిషను ముందు కూర్చున్నదాన్ని నేను. పుస్తకం వదలకుండా నర్సు చదువు పూర్తి చేసింది మా అక్క. మా ఇద్దరికీ పెద్ద దిక్కు మా బాబాయి. పామాయిల్ మిల్లులో పని చేసేవాడు, ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా పాడేవాడు, ఎక్కడ దొరికిందో గానీ ఒక ముసలి కారును తెచ్చి ఇంటి ముందు పెట్టుకున్నాడు. అది తెల్ల కారని ఆయన అనేవాడు (మాకు మాత్రం ఎప్పుడూ చాయ్ రంగులోనే కనబడేది). ఆ ఏడు వానాకాలంలో అక్కకు భద్రాచలంలో దవాఖానా ఉద్యోగం వచ్చింది. ఉత్తరం ఎక్కడెక్కడో తిరిగి ఆలస్యంగా చేరింది. చూస్తే చేరడానికి ఆ రోజే ఆఖరు. సాయంత్రం ఐదు లోపల కాగితాలతో ఎదుట నిలబడకపోతే, వరసలో తర్వాతి అమ్మాయిని పిలుస్తామని ఆఫీసులో వాళ్లు ఫోనులో ఖచ్చితంగా చెప్పారు. బస్సుకు ఆగే వ్యవధి లేదు. "కారున్నది, నేనున్న. ఇంక ఫికరెందుకే?" అన్నాడు బాబాయి. నిజానికి ఫికరు పడాల్సింది ఆ రెండింటి గురించే.

కుట్టు పని సంచీతో సహా నేనూ ఎక్కాను (ఆ సంచీ లేకుండా చర్చికి కూడా వెళ్లేదాన్ని కాదు). ములకలపల్లి దాటి అడవిలోకి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు గంటలు. అప్పుడు మబ్బు దిగింది. వచ్చింది అనను, దిగింది. చెట్ల నెత్తి మీద నల్ల దుప్పటి పరిచినట్టు వెలుతురంతా ఒక్కసారిగా పోయింది. పిట్టలు నోరు మూశాయి. పెద్ద పెద్ద చుక్కలు మొదలయ్యాయి. బాబాయి వైపరు స్విచ్ వేశాడు. రెండు వైపర్లూ ఒకే ఒక్కసారి లేచి, కుడివైపుకు వెళ్లి, అక్కడే అలసిపోయినట్టు పడుకున్నాయి. ఎన్నిసార్లు స్విచ్ నొక్కినా లేవలేదు. అద్దం నిండా నీళ్లు. వెనకసీట్లో అక్క కాగితాల ఫైలును గుండెకు హత్తుకుని, "బాబాయ్, కనబడకుంట ఎట్ల పోతం? ఎనక్కి పోదామా?" అంది. "ఎనక్కి పోతే మాత్రం కనబడతదానే?" అన్నాడు బాబాయి.

అప్పుడు నా సంచీ అక్కరకొచ్చింది. లంగాలకు ఎక్కించే నాడా చుట్ట ఒకటి ఉంది అందులో. దానితో బాబాయి రెండు వైపర్లనూ కలిపి కట్టాడు. ఒక కొసను ముందు ఎడమ కిటికీలోంచి నా చేతికి, రెండో కొసను వెనక కుడి కిటికీలోంచి అక్క చేతికి ఇచ్చాడు. నేను గుంజితే వైపర్లు ఎడమకు, అక్క గుంజితే కుడికి. "లారీలల్ల గిట్లనే చేస్తరు. ఇద్దరూ తాళం తప్పకుండ్రి," అని ఆజ్ఞాపించి కారు నడిపాడు. నేను, అక్క. నేను, అక్క. కిటికీలోంచి వాన కొట్టి నా జబ్బ, జాకెట్టు తడిసి ముద్దయ్యాయి గానీ, అద్దం మాత్రం తుడుచుకుంటోంది.

ఆ తుడుచుకోవడమే నా ప్రాణానికొచ్చింది. ఆ దారి పక్కన తపసి చెట్లు ఎక్కువ. ఆకు రాల్చినా రాల్చకపోయినా వాటి మాను తెల్లగా, మనిషి ఒంటిలా నున్నగా ఉంటుంది. తుడిచినప్పుడు ఒక తెల్లటి ఆకారం కనబడేది. నీళ్లు కమ్మి మాయమయ్యేది. మళ్లీ తుడిస్తే ఇంకొంచెం దగ్గరగా ఇంకొకటి. చెట్లేనని నాకు తెలుసు. తెలిసి కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టాను, ఎందుకో ఇప్పటికీ అర్థం కాదు. ఎదురుగా ఒక్క బండి రాలేదు. వెనక ఒక్క బండి లేదు. పదకొండో చెట్టో పన్నెండో చెట్టో దాటాక, భయం పోగొట్టుకోవడానికి అక్కతో మాట కలుపుదామని వెనక్కి తిరిగాను.

అక్క కళ్లు మూసుకుని ఉంది. రెండు చేతులూ ఫైలు మీదే ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి.

"అక్కా, నువ్వు నాడా గుంజుతలేవా?"

"లేదే. ఎప్పుడో ఇడిసిన."

ముందుకు చూశాను. బాబాయి చేతులు రెండూ స్టీరింగు మీదున్నాయి. నా చేతిలో నాడా మెల్లగా, మర్యాదగా, కుడివైపుకు సాగింది. అటువైపు నుంచి ఎవరో గుంజారు.

"బాబాయ్," అన్నాను. "బాబాయ్, అవతల ఎవరో గుంజుతున్నరు."

బాబాయి అద్దం వైపు చూశాడు, నా చేతి వైపు చూశాడు, అక్క చేతుల వైపు చూశాడు, బ్రేకు మీద నిలబడ్డాడు. ఇంజను దగ్గి ఆగిపోయింది. నాడా మాత్రం ఆగలేదు. నేను ఎడమకు లాగితే అది కుడికి లాగింది.

"ఇడువు! ఇడిసిపెట్టవే!" అన్నాడు.

"ఇడిస్తే గాళ్లొచ్చి లోపల కూసుంటే?"

"ఎవరే గాళ్లు?"

"నాకేం ఎరుక? నువ్వు దిగి చూడరాదు!"

"నేనెట్ల దిగుత? స్టీరింగ్ ఎవరు పట్టుకుంటరు?" అన్నాడు (కారు ఆగి ఉంది). తర్వాత కళ్లు మూసుకుని గట్టిగా పాట ఎత్తుకున్నాడు. భయంలో ఏది నోటికొస్తే అది వచ్చింది, ఆషాఢం వానలో క్రిస్మస్ పాట. కారు లోపల పాట, బయట హోరు, చుట్టూ తెల్ల మానులు. నేను ధైర్యం చేసి నాడా వదిలాను. వైపర్లు కుడికి వెళ్లి ఆగాయి. మళ్లీ కదల్లేదు. నా కోసం కాచుకున్నట్టు ఆగాయి. నాడా మళ్లీ పట్టుకుని ఒక్కసారి నా వైపు లాగి చూశాను. వెంటనే తిరిగి గుంజాయి. తన వంతు వచ్చేదాకా ఓపిక పట్టే దయ్యం ఇదొక్కటేనేమో అనుకున్నాను.

బాబాయి ఊపిరి తీసుకోవడానికి పాట ఆపినప్పుడు అద్దం కింద నుంచి ఒక చప్పుడు వినిపించింది. గుర్రు, దాని మధ్య "టక్". మళ్లీ "టక్". ఆ టక్కు నాకు బాగా తెలిసిందే. నా కుట్టు మిషను తొక్కుడు బల్లకూ చక్రానికీ మధ్య ఒక కడ్డీ ఉంటుంది. దాని గిన్నెలో తోలు ముక్క అరిగిపోతే, కడ్డీ చక్రాన్ని నెట్టేటప్పుడు నెడుతుంది, లాగేటప్పుడు జారి టక్కుమంటుంది. బాబాయి స్విచ్ ఆపడం మరిచిపోయాడు. అంటే ఇంజను ఆగినా లోపల మోటారు బ్యాటరీ మీద ఇంతసేపూ తిరుగుతూనే ఉంది. కడ్డీ వైపర్లను కుడికి నెడుతోంది, ఎడమకు లాగలేక జారుతోంది. ఆ లాగే పని నేను చేస్తున్నాను.

ఇదంతా చెబితే బాబాయి నమ్మలేదు. "అయితే నువ్వే దిగు," అన్నాడు. తాళం చెవి తిప్పించి, మోటారు ఆపించి దిగాను. అక్క గొడుగు పట్టింది. "కాకపోతే ఇడిసిపెట్టవే. ఎనక్కి పోదాం," అని రెండుసార్లు అంది. బానెట్ ఎత్తి, అద్దం కింద రేకు మూత విప్పితే అచ్చం నా మిషను కడ్డీయే. గుండు, దాన్ని పట్టుకునే గిన్నె, మధ్యలో ఉండాల్సిన రింగు అరిగి పిప్పయిపోయి ఉంది. దాని జాగాలో మెత్తగా ఉండి కూడా గట్టిగా నిలిచే రబ్బరు కావాలి. బాబాయి కాళ్ల వైపు చూశాను.

"వద్దే! మొన్ననే కొన్న చెప్పులే అవి!"

"ఒక్క మడమే, బాబాయ్."

హవాయి చెప్పు మడమను బట్ట కోసే కత్తెరతో గుండ్రంగా కోసి, నడుమ పొడిచి, గిన్నెలో కుక్కి, గుండు మీద నొక్కి, పైన నాడాతో బిగించాను. ఆ కాస్త పని చేస్తున్నంతసేపూ నా వెనక ఎవరో నిలబడి నా చేతుల్లోకే చూస్తున్నట్టుంది. ఆ వైపు తిరగలేదు. మూత బిగించి, కారులోకి దూకి, "వెయ్యి స్విచ్" అన్నాను. వైపర్లు కుడికి వెళ్లాయి, ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, ఎడమకు వచ్చాయి. బాబాయి "హల్లెలూయా" అని అరిచిన అరుపుకు అక్క ఏడ్చేసింది.

గోదావరి వంతెన దాటి దవాఖానా ముందు ఆగేసరికి ఐదుకు పది నిమిషాలు తక్కువ. ఒంటి చెప్పుతో బాబాయి ముందు, చేతులంతా గ్రీజుతో నేను వెనక, మా ఇద్దరి మధ్య కొత్తపెళ్లికూతురులా అక్క. సంతకం పెట్టింది. అయిపోయింది.

ఆ కథను నేను చర్చిలో, పెళ్లిళ్లలో, కుట్టు మిషను చుట్టూ చేరిన అమ్మలక్కలకు కొన్ని వందల సార్లు చెప్పి ఉంటాను, అక్క ఉద్యోగం నిలబెట్టింది నేనేనని ముగించి. అక్క ఎప్పుడూ అడ్డం చెప్పలేదు. మొన్న వానకు ఖానాపురం హవేలి అనే ఊళ్లో వాళ్లింటి వరండాలో చాయ్ తాగుతున్నాం. అక్కకిప్పుడు నెరిసిన జుట్టు, తన కింద పనిచేసే నర్సులకు తనను చూస్తే హడల్. ఉన్నట్టుండి అంది.

"ఆ దినం నేను అలిసిపోయి నాడా ఇడవలేదే."

"మరి?"

"నాకు పోబుద్ధి కాలే. నెత్తురు చూస్తే నాకు కళ్లు తిరిగేవి, ఎవరికీ చెప్పలే. ఇల్లిడిసి ఒక్కదాన్నే ఆడ ఉండాలంటే గుండె ఆగినట్టుండె. అద్దం కనబడకపోతే బాబాయి కారు ఎనక్కి తిప్పుతడు, ఐదు దాటిపోతది, నా తప్పు ఉండదనుకుని నాడా ఇడిసిన. ఎనక్కి తిప్పాలె అని ప్రార్థన చేసుకుంట కూసున్న." చాయ్ కప్పులోకి చూస్తూ నవ్వింది. "నేను ఇడిసినంక కూడా గుంజుడు ఆగలే. ఎవరో పొమ్మంటున్నరు, ఇంక పోవాల్సిందే అనుకున్న."

మోటారు, గిన్నె, గుండు అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. వాన వరండా మెట్లెక్కి వస్తోంది. ఆ వానలో నా కళ్ల ముందు పంతొమ్మిదేళ్ల పిల్ల ఒకతి, అద్దం వైపు మొహం పెట్టి, తడిసిన నాడా పట్టుకుని, తన అక్కను ఉద్యోగానికి చేరుస్తున్నానని ఊపిరి బిగబట్టి గుంజుతోంది. ఒక్కసారి ముందే వెనక్కి తిరిగి చూడవే అని దానికి చెబుదామనుకున్నాను. మళ్లీ, వద్దులే, గుంజనీ అనుకున్నాను.